బోర్డు చిన్నదే, భరోసా పెద్దది: ఆడిటర్ ఆఫీసును నిలబెట్టేది ఏమిటి?

నెలలో 20వ తేదీ దగ్గర పడుతుంటే చిన్న వ్యాపారుల ఇళ్లలో ఒకటే మాట. "ఆడిటర్ సాబ్‌కు బిల్లులు పంపారా? రిటర్న్ వేశారా?" నెలనెలా జీఎస్టీ కట్టేవారికి జీఎస్టీఆర్-3బీ వేయడానికి అదే గడువు. కొందరికి 18వ తేదీనే ఫోన్‌కు మెసేజ్ వచ్చేస్తుంది: "మీ రిటర్న్ వేశాం, రసీదు ఇదిగో." మరికొందరు 20వ తేదీ రాత్రి దాకా ఫోన్ చేస్తూనే ఉంటారు, అవతల ఎత్తేవారు ఉండరు.

ఇద్దరూ కట్టే ఫీజులో పెద్ద తేడా ఉండకపోవచ్చు. ఇద్దరి ఆడిటర్లూ చదివింది అవే పుస్తకాలు, పాసైంది అవే పరీక్షలు. మరి ఒక ఆఫీసుకు తండ్రి తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు కూడా ఎందుకు వెళ్తారు? ఇంకో ఆఫీసులో ఏడాదికోసారి క్లయింట్లు ఎందుకు మారిపోతుంటారు?

ఈ తేడానే మేనేజ్‌మెంట్ చదువుల్లో 'సేవా నాణ్యత' అంటారు. ఆడిటర్లు, వకీళ్లు, ఆర్కిటెక్టులు, కన్సల్టెంట్లు వంటి వృత్తి సంస్థలకు పోటీలో పైచేయి ఇచ్చేది ముఖ్యంగా ఇదే. మర్యాదగా మాట్లాడటం, చాయ్ ఇప్పించడం మాత్రమే సేవ అనుకుంటే పొరపాటు. ఏ పని ఒప్పుకోవాలి, ఎవరితో చేయించాలి, ఎంతలో ఇస్తామని చెప్పాలి అని ముందే తీసుకునే నిర్ణయాల్లో అసలు నాణ్యత ఉంటుంది. మన వ్యాపార కుటుంబాలకు బాగా పరిచయమైన ఆడిటర్ ఆఫీసునే ఉదాహరణగా తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

చేయించుకున్నాక కూడా తెలియని పని

లాడ్ బజార్‌లో గాజులు కొనేటప్పుడు రంగు, మెరుపు చూసి కొంటాం. హోటల్లో బిర్యానీ తిన్నాక రుచి తెలుస్తుంది. ఆడిట్ సంగతి వేరు. పని పూర్తయి, ఫీజు కట్టి, ఫైలు ఇంటికి తెచ్చుకున్నాక కూడా అది బాగా చేశారో లేదో మామూలు మనిషికి తెలియదు. మూడేళ్ల తర్వాత నోటీసు వస్తే అప్పుడు తెలుస్తుంది. రాకపోతే ఎప్పటికీ తెలియదు.

ఇలాంటి సేవలకు 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రత్యేక వర్గం పెట్టారు. కొనేవాడు నాణ్యతను తనంతట తాను తేల్చుకోలేడు కాబట్టి నమ్మకం మీదే కొంటాడని వారి మాట. డాక్టర్ సలహా, మెకానిక్ రిపేరు, వకీలు వాదన, ఆడిటర్ సంతకం అన్నీ ఈ కోవలోకే వస్తాయి.

పని లోతు కొలవలేనప్పుడు క్లయింట్ తనకు కనిపించేవాటిని బట్టి అంచనా వేస్తాడు. ఫోన్ ఎత్తారా? చెప్పిన రోజుకు చేశారా? అడిగితే విసుక్కోకుండా అర్థమయ్యేలా చెప్పారా? ఇచ్చిన కాగితాలు భద్రంగా తిరిగి ఇచ్చారా? చదువు గొప్పగా ఉన్నా ఇవి లేకపోతే ఆ ఆఫీసు మీద నమ్మకం కుదరదు.

ప్రకటన ఇచ్చుకోలేరు

బట్టల షాపు రంజాన్‌కు, సంక్రాంతికి హోర్డింగులు పెట్టుకోవచ్చు. ఆడిటర్ ఆఫీసుకు ఆ వీలు లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949లోని మొదటి షెడ్యూల్ ప్రకారం ప్రకటనలతో, సర్క్యులర్లతో, వ్యక్తిగతంగా కలిసి పని అడగడం వృత్తి నియమాల ఉల్లంఘన. వెబ్‌సైట్ లాంటివి ఉండొచ్చు, అవీ ఇన్‌స్టిట్యూట్ గీసిన పరిధిలోనే. వకీళ్లకూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన ఇలాంటి హద్దే పెట్టింది.

ఇంకో నియమం కూడా ఉంది. ఒక ఆడిటర్ చేస్తున్న ఆడిట్‌ను మరో ఆడిటర్ తీసుకోవాలంటే ముందుగా పాత ఆడిటర్‌కు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. అంటే గుట్టుచప్పుడు కాకుండా పక్కవాడి క్లయింట్‌ను లాక్కోవడం కూడా కుదరదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. ఉన్న క్లయింట్ తృప్తిగా ఉండి, పెళ్లిలోనో మార్కెట్లోనో మరొకరికి చెప్పాలి. "మా ఆడిటర్ దగ్గరికి వెళ్లు భాయ్, పదిహేనేళ్లుగా ఒక్క తకరారు లేదు." ఏ హోర్డింగూ చేయలేని పని ఈ ఒక్క మాట చేస్తుంది. అందుకే ఈ వృత్తిలో సేవ బాగుండటమే ప్రచారం.

ఐదు కొలతలు

సేవను కొలవడం ఎలా అన్న ప్రశ్నకు బాగా పేరొచ్చిన జవాబు 1980లలో వచ్చింది. ఎ. పరశురామన్, వలేరీ జైథామల్, లెనార్డ్ బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు 1985లో ఒక నమూనా, 1988లో 'సర్వ్‌క్వాల్' అనే 22 ప్రశ్నల కొలత పద్ధతి ఇచ్చారు. వీరిలో పరశురామన్ మన దేశంలో, ఐఐటీ మద్రాస్‌లో చదువుకున్నవారే. వాళ్ల ప్రకారం సేవ నాణ్యత అంటే క్లయింట్ ఆశించినదానికీ, అతనికి అందినట్టు అనిపించినదానికీ మధ్య ఉన్న దూరం.

క్లయింట్ ఐదు విషయాలు చూస్తాడని వారు తేల్చారు. వీటికి 100 మార్కులు పంచమని కస్టమర్లను అడిగితే సగటున వచ్చిన లెక్క ఇది:

– చెప్పింది చెప్పినట్టు, తప్పులేకుండా చేయడం: 32
– వెంటనే స్పందించడం: 22
– తెలివి, నడవడికతో భరోసా కలిగించడం: 19
– క్లయింట్ పరిస్థితిని తనదిగా అర్థం చేసుకోవడం: 16
– ఆఫీసు, ఫర్నిచర్, కంప్యూటర్లు వంటి కంటికి కనిపించేవి: 11

ఈ అధ్యయనం జరిగింది అమెరికాలో, బ్యాంకులు, బీమా వంటి సేవల మీద. ఆడిటర్ ఆఫీసుకు ఇవే మార్కులు అచ్చంగా సరిపోతాయని అనలేం. అయినా వరుసను గమనించాలి. కొత్తగా ఆఫీసు పెట్టేవారు ముందు ఖర్చు పెట్టేది అద్దాల క్యాబిన్, ఏసీ, సోఫాల మీద. జాబితాలో వాటిది చివరి స్థానం. చెప్పిన మాట నిలబెట్టుకోవడానికి పైసా ఫర్నిచర్ అక్కర్లేదు, కానీ అదే అన్నింటికంటే పైన ఉంది.

ఆడిటర్ ఆలస్యం, వ్యాపారి నష్టం

ఆడిటర్ ఆఫీసు ఆలస్యం చేస్తే ఏమవుతుంది? జరిమానా అంటారు చాలామంది. జీఎస్టీఆర్-3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, నిల్ రిటర్న్ అయితే 20 రూపాయలు లేట్ ఫీజు. దానికో గరిష్ఠ పరిమితి ఉంది. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ వేరే. ఇదంతా కలిపినా చిన్న నష్టమే. పెద్ద నష్టం వేరే చోట జరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్‌గా అమ్మే దుకాణం ఒకటి ఉందనుకోండి. కర్నూలులోని ఒక షాపుకు లక్ష రూపాయల సరుకు పంపింది. 18 శాతం లెక్కన జీఎస్టీ 18,000. కర్నూలు షాపు ఆ 18,000 కూడా కలిపి కట్టేసింది. తాను ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులో ఈ మొత్తాన్ని క్రెడిట్‌గా తగ్గించుకోవాలి.

ఇది జరగాలంటే హైదరాబాద్ దుకాణం తన అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1ను 11వ తేదీలోగా వేయాలి. అప్పుడు 14వ తేదీన తయారయ్యే జీఎస్టీఆర్-2బీలో ఆ బిల్లు కర్నూలు షాపుకు కనిపిస్తుంది. 2022 జనవరి నుంచి అందులో కనిపించని బిల్లు మీద క్రెడిట్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. హైదరాబాద్ ఆడిటర్ ఆఫీసులో పిల్లవాడు సెలవులో ఉండి 11వ తేదీ దాటిపోతే, కర్నూలు వ్యాపారి ఆ నెల 18,000 సొంత జేబులోంచి కట్టుకోవాలి.

అప్పుడు కర్నూలు నుంచి ఫోన్ వస్తుంది. "భాయ్, మీ బిల్లు పోర్టల్‌లో లేదు. పన్ను డబ్బు ఆపి మిగతాది పంపుతున్నా." ఇలా రెండుమూడు సార్లు జరిగితే ఫోన్ కూడా రాదు, ఆర్డరే రాదు. ధర ఒకటే, సరుకు ఒకటే అయినప్పుడు బిల్లు సమయానికి కనిపించే దుకాణం దగ్గరే కొంటారు.

వరుసగా రెండు పన్ను కాలాలు జీఎస్టీఆర్-3బీ వేయకపోతే ఈ-వే బిల్లు ఆగిపోతుంది. గోదాములో సరుకు ఉన్నా లారీ ఎక్కించలేరు. ఇంత జరిగినా వ్యాపారి తప్పు ఇందులో ఏమీ ఉండకపోవచ్చు. సరిగ్గా బిల్లులు ఇచ్చాడు, ఫీజు కట్టాడు. ఆడిటర్ ఆఫీసు సేవలో లోపం అతని వ్యాపారం మీద పడింది.

దీన్నే తిప్పి చూస్తే ఆడిటర్‌కు పోటీలో పైచేయి ఎక్కడుందో తెలుస్తుంది. "నేను రిటర్న్ వేస్తాను" అని ఎవరైనా అంటారు. "మీ కొనుగోలుదారుకు ప్రతి నెలా 14వ తేదీన మీ బిల్లు కనిపించేలా చూసే బాధ్యత నాది" అని చెప్పి నిలబెట్టుకునే ఆఫీసును వ్యాపారి వెయ్యి రూపాయల తేడా కోసం వదులుకోడు.

అందరికీ అన్నీ చేస్తామంటే కుదరదు

వృత్తి సంస్థల నిర్వహణపై 1993లో ప్రసిద్ధ పుస్తకం రాసిన డేవిడ్ మైస్టర్, క్లయింట్లు కొనేది మూడు రకాలుగా ఉంటుందంటారు: అరుదైన తెలివి, గడించిన అనుభవం, పక్కాగా నడిచే పద్ధతి.

ట్రిబ్యునల్ దాకా వెళ్లిన పన్ను వివాదానికి తెలివి కావాలి. అక్కడ పెద్దాయనే స్వయంగా కూర్చోవాలి, క్లయింట్ ఫీజు గురించి పెద్దగా బేరమాడడు. ఏటా జరిగే ఆడిట్‌కు అలాంటి వ్యాపారాలు చాలా చూసిన అనుభవం కావాలి. నెలవారీ రిటర్నులకు కావాల్సింది పద్ధతి: క్యాలెండర్, చెక్‌లిస్ట్, సాఫ్ట్‌వేర్, శిక్షణ పొందిన సిబ్బంది.

చాలా చిన్న ఆఫీసులు చిక్కుకునేది ఇక్కడే. వివాదాలు చూసే పెద్ద ఆడిటర్ దగ్గరికి వంద నెలవారీ రిటర్నుల పని వస్తుంది, వద్దనలేక ఒప్పుకుంటారు. పని ఆర్టికల్ చేస్తున్న పిల్లల మీద పడుతుంది. 2023 జులై నుంచి అమలైన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ కాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. క్లయింట్ గురించి తెలిసిన పిల్లవాడు పరీక్ష రాసి వెళ్లిపోతే అతని తలలో ఉన్న సంగతులన్నీ అతనితోనే పోతాయి. కొత్తగా వచ్చినవాడు అవే కాగితాలు మళ్లీ అడుగుతాడు. క్లయింట్‌కు విసుగొస్తుంది.

నాణ్యతను వ్యూహంగా పెట్టుకున్న ఆఫీసు ముందే కొన్ని నిర్ణయాలు రాసి పెట్టుకుంటుంది. ప్రతి క్లయింట్‌కు ఫైలు ఉండాలి, దాని సంగతి కనీసం ఇద్దరికి తెలియాలి. బిల్లులు 5వ తేదీలోగా ఇవ్వాలని క్లయింట్‌కు ఏడాది మొదట్లోనే చెప్పాలి. ఫోన్ వస్తే ఆ రోజే ఎవరో ఒకరు తిరిగి మాట్లాడాలి. చేతిలో ఉన్న పనికి మించి వస్తే "ఇప్పుడు తీసుకోలేం" అనాలి.

కాదనడం నష్టంలా కనిపిస్తుంది. కానీ ఒప్పుకుని చెడగొట్టిన ఒక్క పని మార్కెట్లో పది మందికి తెలుస్తుంది. ఫీజు తగ్గించడం అలా కాదు, ఎదురు ఆఫీసు రేపే ఇంకో 500 తగ్గించగలదు. ఏళ్లుగా నేర్పిన సిబ్బందిని, సరిగ్గా ఉన్న ఫైళ్లను, సంపాదించిన భరోసాను మాత్రం రాత్రికి రాత్రి ఎవరూ నకలు చేయలేరు.

క్లయింట్‌ను సంతోషపెట్టడమే నాణ్యతా?

ఇక్కడొక ప్రమాదం ఉంది. సేవ అంటే క్లయింట్ అడిగిందల్లా చేయడమే అనుకుంటే ఈ వృత్తి మునిగిపోతుంది. దీనికి రెండు పెద్ద ఉదాహరణలు ఉన్నాయి.

1913లో షికాగోలో మొదలైన ఆర్థర్ ఆండర్సన్ ప్రపంచంలోని ఐదు అతిపెద్ద ఆడిట్ సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. ఉద్యోగులు దాదాపు 85,000 మంది. ఎన్రాన్ అనే ఒక్క క్లయింట్ నుంచే 2000లో ఆడిట్‌కు 2.5 కోట్ల డాలర్లు, ఇతర సలహాలకు 2.7 కోట్ల డాలర్లు తీసుకుంది. 2001లో ఎన్రాన్ కుప్పకూలింది. కాగితాలు నాశనం చేసిన వ్యవహారంలో 2002 జూన్‌లో ఆండర్సన్‌ను కోర్టు దోషిగా తేల్చింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అప్పటికి సంస్థకు క్లయింట్లే మిగల్లేదు. కేసు గెలిచినా నమ్మకం తిరిగి రాలేదు.

రెండోది మన హైదరాబాద్‌లోనే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో బండారం బయటపడింది. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్. బ్యాంకు నిల్వలను సరిగ్గా ధ్రువీకరించుకోలేదన్న వ్యవహారంలో 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు దాని భారతీయ సంస్థలపై మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి. 2018లో సెబీ రెండేళ్ల నిషేధం విధిస్తే, 2019లో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేసింది.

ఆడిటర్ సంతకం క్లయింట్ ఒక్కడి కోసం కాదు. బ్యాంకు, షేర్‌హోల్డర్లు, ఉద్యోగులు, సరుకు అప్పిచ్చినవారు అందరూ ఆ సంతకాన్ని చూసే డబ్బు పెడతారు. ఉర్దూలో అమానత్ అంటామే, అలాంటిది అది. "ఈ అమ్మకం చూపించకుండా చేయండి సాబ్" అని అడిగితే "కుదరదు" అని, ఎందుకు కుదరదో చెప్పగలగడం కూడా సేవలో భాగమే. ఆ రోజు క్లయింట్‌కు కోపం రావొచ్చు. బ్యాంకు లోన్‌కు వెళ్లినప్పుడు అతని లెక్కలను మేనేజర్ నమ్మితే ఆ కోపం పోతుంది.

కుటుంబాలు ఏం చూసుకోవాలి?

మంచి ఆఫీసును గుర్తుపట్టడానికి అకౌంటెన్సీ చదవక్కర్లేదు. కొన్ని సంగతులు ఎవరైనా చూసుకోవచ్చు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న మొబైల్ నంబర్, ఈమెయిల్ ఎవరివి? ఆఫీసువాళ్లవే ఇచ్చి ఉంటే నోటీసు వచ్చిన సంగతి దుకాణం యజమానికి తెలియదు. నోటీసును పోర్టల్‌లో పెట్టడాన్ని కూడా అందజేసే పద్ధతుల్లో ఒకటిగా జీఎస్టీ చట్టం చెబుతోంది. ఆర్డర్ అందాక అప్పీలుకు ఉండేది మూడు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో నెల. తెలిసేసరికి ఆ గడువు దాటిపోతే దారులు చాలా వరకు మూసుకుపోతాయి. కాబట్టి నంబర్, ఈమెయిల్, పాస్‌వర్డ్ యజమాని దగ్గర ఉండాలి. మంచి ఆఫీసు దీనికి అభ్యంతరం చెప్పదు.

ఆడిటర్ ఇచ్చిన సర్టిఫికెట్ మీద యూడిన్ అనే 18 అంకెలు, అక్షరాల సంఖ్య ఉందా? చార్టర్డ్ అకౌంటెంట్లు ఇచ్చే సర్టిఫికెట్లకు ఇది 2019 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి. ఆ సంఖ్యను ఇన్‌స్టిట్యూట్ యూడిన్ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. పని చేస్తున్నది చార్టర్డ్ అకౌంటెంటా, ట్యాక్స్ కన్సల్టెంటా అన్నది కూడా తెలుసుకోవాలి. కన్సల్టెంట్లలో చక్కగా పనిచేసేవారు చాలామంది ఉన్నారు, కానీ ఆడిట్ సంతకం వారు పెట్టలేరు.

రిటర్న్ వేసిన ప్రతిసారీ రసీదు పంపుతున్నారా? ఫీజు ఎంత, అందులో ఏయే పనులు వస్తాయి అన్నది కాగితం మీద ఉందా? పెద్దాయన ఊళ్లో లేకపోతే జవాబు చెప్పేవారు ఇంకొకరు ఉన్నారా? అన్నింటికంటే ముఖ్యంగా, మీకు నచ్చని మాట ఎప్పుడైనా చెప్పారా? ఏది అడిగినా "హో జాయేగా" అనే ఆఫీసు విషయంలో కాస్త జాగ్రత్త పడాలి.

వ్యాపారి వైపు బాధ్యత కూడా ఉంది. 19వ తేదీ రాత్రి సంచిలో బిల్లులు పోసి తెచ్చి 20న రిటర్న్ కావాలంటే ఎంత మంచి ఆఫీసైనా తప్పు చేస్తుంది. ఇద్దరూ తేదీలు పాటిస్తేనే పని సరిగ్గా నడుస్తుంది.

బీకాం, సీఏ పూర్తిచేసి సొంత ఆఫీసు పెట్టాలనుకునే పిల్లలు మన ఇళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. "పెద్ద సంస్థలతో ఎలా పోటీ పడతాం?" అన్నది వాళ్ల భయం. ప్రకటనల్లో, ఆఫీసు హంగుల్లో పోటీ పడనక్కర్లేదు. మొదటి పది మంది క్లయింట్లకు మొదటి ఏడాదిలో ఒక్క గడువు కూడా తప్పకుండా పని చేసి, ప్రతిసారీ రసీదు పంపితే చాలు. పదకొండో క్లయింట్‌ను ఆ పది మందిలో ఒకరు తీసుకొస్తారు.